హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో శబ్ద నియంత్రణ

'''హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో శబ్ద నియంత్రణ''' అనగా ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన ఈ మూడు పట్టణాలలో లౌడుస్పీకర్లు, యంత్రాలు, వాహనాలు, బాణసంచా మొదలైనవాటి వలన కలిగే శబ్దాన్ని అదుపులో ఉంచే చట్టాలు, వాటిని అమలు చేసే అధికారులు, ఇరుగుపొరుగువారి ఫిర్యాదులను పరిష్కరించే పద్ధతి. దేశమంతటికీ వర్తించే ''శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నియమాలు, 2000'' ఇక్కడ కూడా ప్రధాన ఆధారము. ఈ నియమాలలో రెండు కొలమానాలున్నాయి. ఒకటి శబ్దపు తీవ్రత, రెండవది సమయం. లౌడుస్పీకరు వంటి వాటి విషయంలో రాత్రి పది గంటలు దాటితే సమయం ఒక్కటే ఫిర్యాదుకు చాలును. మరమగ్గం వంటి యంత్రం విషయంలో మాత్రం శబ్దాన్ని కొలిచి చూడవలసి ఉంటుంది. ఈ తేడా తెలియకపోవడం వలన అనేక ఫిర్యాదులు మొదటి మెట్టులోనే ఆగిపోయే అవకాశం ఉన్నది.

== పట్టణాలు, శబ్దానికి మూలాలు ==

ఈ మూడు పట్టణాలు గుంతకల్లు - బెంగుళూరు రైలుమార్గంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4 వరకు ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి. ఆ రోజున పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. ధర్మవరం, పెనుకొండ రెవెన్యూ డివిజన్ల కేంద్రాలు. హిందూపురం పెనుకొండ రెవెన్యూ డివిజనులో ఉన్నది.

'''హిందూపురం''' కర్ణాటక సరిహద్దున ఉన్న వర్తక, పారిశ్రామిక పట్టణం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా సుమారు లక్షన్నర. బెల్లం, చింతపండు, మిరప వ్యాపారానికీ పట్టుగూళ్ళ మార్కెట్టుకూ ఇది పేరుపొందినది. సమీపంలోని తూమకుంట వద్ద పారిశ్రామికవాడ ఉన్నది. సరుకు వాహనాల రాకపోకలు, బజారు వీధుల హారన్లు, జనరేటర్లు ఇక్కడి శబ్దంలో ప్రధాన భాగం.

'''పెనుకొండ''' 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన చారిత్రక పట్టణం. 2020లో నగర పంచాయతీగా మారినది. హైదరాబాదు - బెంగుళూరు జాతీయ రహదారి (44వ నెంబరు) దీనికి సమీపంగా పోతుంది. మండలంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించిన తరువాత రహదారిపై రద్దీ పెరిగినది. ఇక్కడి బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉరుసుకు ఇతర రాష్ట్రాల నుండి కూడా యాత్రికులు వస్తారు.

'''ధర్మవరం''' పట్టుచీరలకు ప్రసిద్ధి. 2011లో జనాభా సుమారు 1,22,000. గుంత మగ్గాలమీద నేసే ధర్మవరం పట్టుచీరలకు, పావడలకు భౌగోళిక గుర్తింపు లభించినది. చేమగ్గాలతో పాటు మరమగ్గాలు కూడా ఉన్న పట్టణం కావడం వలన నివాసము, పని ఒకే కప్పు క్రింద సాగే వీధులు ఇక్కడ ఎక్కువ. లక్ష్మీచెన్నకేశవస్వామి బ్రహ్మోత్సవాలు, రథోత్సవం పట్టణంలో పెద్ద వేడుకలు.

వినాయక చవితి, శ్రీరామనవమి, పీర్ల పండుగ, పెళ్ళి ఊరేగింపులు మూడు పట్టణాలకూ ఉమ్మడి. ఉరుములు, తప్పెటలు ఈ సీమలో పాతకాలం నుండి ఉన్న వాద్యాలు. లారీపై పెద్ద స్పీకర్లు పేర్చి వాయించే ''డీజే'' తరువాత వచ్చినది. ఫిర్యాదులకు ఎక్కువగా దారితీసేది ఈ యాంప్లిఫయరు ద్వారా పెంచిన శబ్దమే.

== చట్టాల చరిత్ర ==

పూర్వం శబ్దాన్ని ''ప్రజా ఉపద్రవము''గా మాత్రమే చట్టం చూసేది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 268, 290 సెక్షన్లు ఇందుకు ఆధారంగా ఉండేవి. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టాన్ని 1987లో సవరించినప్పుడు శబ్దాన్ని కూడా వాయు కాలుష్యకాల నిర్వచనంలో చేర్చారు. పర్యావరణ (పరిరక్షణ) చట్టం, 1986 క్రింద కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరి 14న ప్రత్యేకంగా శబ్ద కాలుష్య నియమాలను ప్రకటించినది. వీటికి తరువాత వచ్చిన ముఖ్య సవరణలు మూడు.

* '''2002''': సాంస్కృతిక, మత సంబంధమైన పండుగలకు సంవత్సరంలో మొత్తం 15 రోజులకు మించకుండా రాత్రి 10 నుండి 12 గంటల వరకు లౌడుస్పీకర్లను అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇవ్వబడినది.
* '''2010''': రాత్రివేళ హారన్లు, బాణసంచా, నిర్మాణ యంత్రాలపై ఆంక్షలు చేర్చబడినవి. రాత్రి ఆంక్షలను ఉల్లంఘిస్తే శబ్దం కొలతతో పనిలేకుండానే ఫిర్యాదు చేసే హక్కు కూడా ఈ సవరణతోనే వచ్చినది.
* '''2017''': ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ ఉన్న ప్రాంతం ''నిశ్శబ్ద మండలం'' కావాలంటే ప్రభుత్వం ఆ విధంగా ప్రకటించాలి అన్న మార్పు వచ్చినది.

సర్వోన్నత న్యాయస్థానం 2000 ఆగష్టు 30న చెన్నైకి చెందిన ఒక ప్రార్థనామందిరం కేసులో, ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగిస్తూ యాంప్లిఫయర్లతో ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పలేదని అభిప్రాయపడినది. 2005 జూలై 18న ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి.లహోటి, న్యాయమూర్తి అశోక్ భాన్‌ల ధర్మాసనం ఇచ్చిన తీర్పు శబ్ద కాలుష్యం విషయంలో మైలురాయిగా పరిగణించబడుతున్నది. ఇరుగుపొరుగున హోరెత్తిన సంగీతం వలన అత్యాచారానికి గురవుతున్న ఒక బాలిక కేకలు ఎవరికీ వినబడలేదన్న వార్త ఆ వ్యాజ్యానికి ప్రేరణ. మాట్లాడే స్వేచ్ఛలో యాంప్లిఫయరు పెట్టి ఇతరుల చెవిలో శబ్దం నింపే హక్కు లేదని ఆ తీర్పు స్పష్టం చేసినది. నిబంధనలు మీరిన లౌడుస్పీకర్లను స్వాధీనం చేసుకునే ఏర్పాటు చేయాలని రాష్ట్రాలను ఆదేశించినది. అదే సంవత్సరం అక్టోబరు 28న ఇచ్చిన మరొక తీర్పులో 15 రోజుల సడలింపును న్యాయస్థానం సమర్థించినది.

== శబ్ద ప్రమాణాలు ==

నియమాల ప్రకారం పగలు అంటే ఉదయం 6 నుండి రాత్రి 10 గంటల వరకు. రాత్రి అంటే 10 నుండి మరునాటి ఉదయం 6 గంటల వరకు. ప్రాంతాన్ని బట్టి పరిమితులు ఈ విధంగా ఉన్నాయి.

* పారిశ్రామిక ప్రాంతం: పగలు 75, రాత్రి 70 డెసిబెళ్ళు
* వాణిజ్య ప్రాంతం: పగలు 65, రాత్రి 55 డెసిబెళ్ళు
* నివాస ప్రాంతం: పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు
* నిశ్శబ్ద మండలం: పగలు 50, రాత్రి 40 డెసిబెళ్ళు

ఈ అంకెలు మనిషి చెవి స్పందనకు అనుగుణంగా సవరించిన డెసిబెళ్ళలో, కొంత సమయానికి తీసిన సగటు. ఒక్క క్షణంలో వినిపించిన పెద్ద చప్పుడు ఈ సగటుకు సమానం కాదు.

డెసిబెల్ సాధారణ అంకగణితం ప్రకారం పెరగదు. 3 డెసిబెళ్ళు పెరిగితే ధ్వనిశక్తి రెండింతలవుతుంది. 10 పెరిగితే పదింతలవుతుంది. చెవికి మాత్రం సుమారు రెండింతలుగా తోస్తుంది. అందువలన 45 డెసిబెళ్ళు ఉండవలసిన వీధిలో 65 ఉన్నదంటే ధ్వనిశక్తి అనుమతించిన దానికి నూరు రెట్లు ఉన్నదని అర్థం. ఆరుబయట దూరం రెట్టింపయిన కొద్దీ శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. ఇరుకు సందులలో గోడల ప్రతిధ్వని వలన ఇంత తగ్గదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ప్రచురించిన మార్గదర్శకాలు నిద్రాభంగం కాకుండా ఉండాలంటే పడకగదిలో 30 డెసిబెళ్ళకు, ఇంటి వెలుపల 45కు శబ్దం మించరాదని సూచించినవి. భారతీయ నివాస ప్రాంతాల రాత్రి పరిమితి కూడా 45 డెసిబెళ్ళే.

== లౌడుస్పీకర్లు, డీజేలు ==

అధికారి నుండి వ్రాతపూర్వకమైన అనుమతి లేకుండా లౌడుస్పీకరును గాని, బహిరంగ ప్రసంగ యంత్రాన్ని గాని ఉపయోగించరాదు. పగటిపూట కూడా ఈ నియమం వర్తిస్తుంది. అనుమతి ఉన్నంతమాత్రాన ఎంత శబ్దమైనా చేయవచ్చునని కాదు. పరిమితులు ఇవి:

* బహిరంగ స్థలంలో వాడే లౌడుస్పీకరు శబ్దం ఆ స్థలం సరిహద్దు వద్ద ఆ ప్రాంతపు ప్రమాణానికి 10 డెసిబెళ్ళు ఎక్కువ, లేదా 75 డెసిబెళ్ళు, ఈ రెంటిలో ఏది తక్కువో దానిని మించరాదు. అనగా నివాస ప్రాంతంలో పగటిపూట 65, వాణిజ్య ప్రాంతంలో 75. పారిశ్రామిక ప్రాంతంలో కూడా 75 మాత్రమే.
* ప్రైవేటు స్థలంలో వాడే సౌండు సిస్టం శబ్దం ఆ స్థలం సరిహద్దు వద్ద ప్రమాణానికి 5 డెసిబెళ్ళకు మించి ఉండరాదు. నివాస ప్రాంతపు ఇంటిలో వేడుకకు ఇది పగలు 60 డెసిబెళ్ళు అవుతుంది.

రాత్రి 10 దాటిన తరువాత లౌడుస్పీకరు, యాంప్లిఫయరు, వాద్యం, శబ్దం చేసే పరికరం ఏదీ వాడరాదు. సభాభవనం, కల్యాణమండపం వంటి మూసిన ఆవరణలలో లోపలివారికి మాత్రమే వినిపించేటట్లు వాడుకొనవచ్చు. ప్రజా అత్యవసర పరిస్థితి మరొక మినహాయింపు. షామియానా, వీధిలో వేసిన పందిరి మూసిన ఆవరణ క్రిందికి రావు.

పండుగలకు ఇచ్చే 15 రోజుల సడలింపు గురించి రెండు అపోహలు కలవు. మొదటిది, ఆ రోజులలో రాత్రంతా వాయించవచ్చునని. సడలింపు 12 గంటల వరకే. రెండవది, నిర్వాహకులు తమకు కావలసిన రోజులను తామే ఎంచుకొనవచ్చునని. ఆ రోజులను రాష్ట్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన జిల్లా అధికారి గాని ముందుగా ప్రకటించాలి. నిశ్శబ్ద మండలాలకు ఈ సడలింపు వర్తించదు.

వినాయక మంటపాలకు పోలీసుశాఖ అనుమతి అవసరం. ఇటీవలి సంవత్సరాలలో రాష్ట్రంలో ఈ దరఖాస్తులను అంతర్జాలం ద్వారా కూడా స్వీకరిస్తున్నారు. పొరుగు రాష్ట్రమైన తెలంగాణలో హైదరాబాదు నగర పోలీసులు 2024 అక్టోబరులో మత ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. ఆ ఉత్తర్వు హైదరాబాదు నగరానికి సంబంధించినది. అది ఈ పట్టణాలకు వర్తించదు.

== నిశ్శబ్ద మండలాలు ==

ఆసుపత్రి, పాఠశాల లేదా న్యాయస్థానం చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ సంగీతం వాయించడం, యాంప్లిఫయరు వాడడం, డప్పు కొట్టడం, హారను మ్రోగించడం, శబ్దం చేసే బాణసంచా కాల్చడం, జనాన్ని ఆకర్షించే ప్రదర్శనలు చేయడం శిక్షార్హము.

2017 సవరణకు ముందు ఇటువంటి సంస్థల చుట్టూ ఉన్న 100 మీటర్ల ప్రాంతాన్ని దానంతట అదే నిశ్శబ్ద మండలంగా భావించేవారు. ఇప్పుడు ప్రకటన ఉండాలి. కనుక ఒక ఆసుపత్రి ఎదుట ఎర్రగీత గీచిన బోర్డు ఉన్నంతమాత్రాన అది చట్టపరంగా నిశ్శబ్ద మండలమని చెప్పలేము. బోర్డు లేనంతమాత్రాన కాదని కూడా చెప్పలేము. ఫిర్యాదు చేయదలచినవారు ఆ ప్రకటన ఉన్నదో లేదో సమాచార హక్కు చట్టం, 2005 క్రింద దరఖాస్తు చేసి తెలుసుకొనవచ్చు. ప్రకటన లేకపోయినా నివాస, వాణిజ్య ప్రాంతాలకున్న పరిమితులు ఆసుపత్రికి కూడా రక్షణ కల్పిస్తాయి.

== వాహనాలు, బాణసంచా, జనరేటర్లు ==

నివాస ప్రాంతాలలో రాత్రివేళ అత్యవసరమైతే తప్ప హారను మ్రోగించరాదు. రకరకాల రాగాలు పలికే హారన్లను కేంద్ర మోటారు వాహనాల నియమాలు నిషేధిస్తున్నాయి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 194-ఎఫ్ సెక్షను ప్రకారం అనవసరంగా హారను మ్రోగించినా, సైలెన్సరు తప్పించి పొగను బయటికి వదిలే వాహనం నడిపినా మొదటిసారి 1,000 రూపాయలు, తరువాత 2,000 రూపాయలు జరిమానా.

బాణసంచా పేలిన చోటునుండి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్ళకు మించి శబ్దం చేసే టపాకాయల తయారీ, అమ్మకం నిషిద్ధము. 2018 అక్టోబరు 23న సర్వోన్నత న్యాయస్థానం దీపావళినాడు రాత్రి 8 నుండి 10 గంటల మధ్య మాత్రమే బాణసంచా కాల్చాలని ఆదేశించినది. 1,000 కెవిఎ వరకు సామర్థ్యం గల కొత్త డీజిల్ జనరేటర్ల శబ్దం వాటి పెట్టెకు ఒక మీటరు దూరంలో 75 డెసిబెళ్ళకు మించకుండా తయారీదారులు చూడాలి. నిర్మాణ యంత్రాలను నివాస ప్రాంతాలలో రాత్రివేళ నడపరాదు.

== మరమగ్గాల సమస్య ==

ధర్మవరంలోను, ఇతర నేత కేంద్రాలలోను ఎదురయ్యే చిక్కు పండుగ శబ్దం కంటె భిన్నమైనది. డీజే ఒక రాత్రితో పోతుంది. మగ్గం ప్రతిరోజూ ఆడుతుంది. పైగా అది ఒక కుటుంబపు జీవనాధారం.

గుంత మగ్గంలో నేతగాడు కాలితో తొక్కి, చేతితో నాడెను నడుపుతాడు. ఆ చప్పుడు పక్క ఇంటికి పెద్దగా చేరదు. మరమగ్గంలో మోటారు బలంతో నాడెను ఒక పక్క నుండి మరొక పక్కకు కొడతారు. ప్రతి విసురుకూ చెక్క, లోహము ఢీకొనే చప్పుడు పుడుతుంది. నాడెతో పనిచేసే మరమగ్గాలున్న షెడ్డులలో శబ్దం 90 డెసిబెళ్ళు దాటడం సాధారణం. ఈ శబ్దం గాలిద్వారానే కాక, నేలలో అదురుగా కూడా ఉమ్మడి గోడ దాటిపోతుంది. అందుచేత కిటికీలు మూసుకున్నా పొరుగింటివారికి మంచం అదిరినట్లు అనిపిస్తుంది.

దీనివలన ముందుగా నష్టపోయేది పొరుగువారు కాదు, మగ్గం వద్ద పనిచేసేవారే. దీర్ఘకాలం తీవ్ర శబ్దంలో పనిచేసినవారికి వచ్చే వినికిడి లోపం తిరిగి బాగుకాదు. శబ్దం వలన కలిగే వినికిడి లోపాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో 1987లో చేర్చారు. అయితే ఇంటిలో నాలుగైదు మగ్గాలు పెట్టుకొన్న కుటుంబాలు ఫ్యాక్టరీ నిర్వచనంలోకి రాకపోవడం వలన ఈ రక్షణ వారికి అందలేదు.

చట్టం దృష్టిలో మరమగ్గం లౌడుస్పీకరు వంటిది కాదు. దానిని నడపడానికి శబ్ద నియమాల క్రింద అనుమతి అవసరం లేదు. పురపాలక చట్టం క్రింద యంత్రాలకు, వ్యాపారానికి అనుమతి వేరుగా తీసుకోవాలి. శబ్దం విషయంలో ప్రాంతపు ప్రమాణమే ఆధారం. ఒక వీధి నివాస ప్రాంతమా, వాణిజ్య ప్రాంతమా అన్నది తేలితే గాని పరిమితి 45 డెసిబెళ్ళో 55 డెసిబెళ్ళో తేలదు. నివాసము, పని కలిసియున్న ప్రాంతాన్ని నాలుగు తరగతులలో ఒకదానిగా ప్రకటించే అధికారం ప్రభుత్వ యంత్రాంగానికి ఉన్నది. 2023 నాటి భారతీయ న్యాయ సంహిత ప్రజా ఉపద్రవాన్ని నిర్వచిస్తూ, దానివలన కొంత సౌకర్యమో లాభమో ఉన్నదన్న కారణంతో అది క్షమార్హము కాదని చెబుతున్నది. అదే సమయంలో న్యాయస్థానాలు ఇటువంటి తగాదాలలో పని పూర్తిగా ఆపడం కంటె, వేళలు నిర్ణయించడం, శబ్దం తగ్గించే ఏర్పాట్లు చేయించడం వంటి మధ్యేమార్గాన్ని కూడా ఆదేశించవచ్చు.

శబ్దం తగ్గించే కొన్ని ఉపాయాలు ఖర్చు తక్కువైనవే:

* మగ్గం పాదాల క్రింద దళసరి రబ్బరు దిమ్మెలు వేస్తే నేలకు పోయే అదురు తగ్గుతుంది.
* మగ్గాన్ని ఉమ్మడి గోడకు దూరంగా జరపాలి.
* పొరుగింటి వైపున్న కిటికీలను, గోడ పైభాగంలోని సందులను మూసి, గాలికి మరొక వైపు దారి ఇవ్వాలి. చిన్న సందు నుండి కూడా శబ్దం చాలా పోతుంది.
* అరిగిన భాగాలు మార్చి, కందెన వేస్తూ ఉండాలి.
* రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు మగ్గం ఆపాలి.

గోడలకు గుడ్ల అట్టలు అతికిస్తే గదిలోపలి ప్రతిధ్వని కొంత తగ్గవచ్చును గాని, బయటికి పోయే శబ్దం ఆగదు. దానికి బరువైన గోడ, మూసిన సందులు కావాలి. పనివారు చెవులకు రక్షణ తొడుగులు వాడడం అన్నిటికంటె ముఖ్యం.

== అధికారులు ==

శబ్ద నియమాలు చెప్పే ''అధికారి'' అనగా జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమీషనరు, లేదా డీఎస్పీ హోదాకు తగ్గకుండా ఈ పనికి నియమించబడిన అధికారి. ఈ జిల్లాలో పోలీసు కమీషనరేటు లేదు. కనుక జిల్లా కలెక్టరు, పోలీసు ఉపవిభాగపు డీఎస్పీ ముఖ్యులు. తక్షణ ఫిర్యాదును స్థానిక పోలీసు స్టేషనులో ఇస్తారు. శబ్దం కొలిచే సాంకేతిక సహాయం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. యంత్రాల అనుమతి, వ్యాపార లైసెన్సు పురపాలక కమీషనరు పరిధిలోనివి. ఉపద్రవాన్ని తొలగించమని షరతుతో కూడిన ఉత్తర్వు ఇచ్చే అధికారం 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను క్రింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు, సాధారణంగా ఆర్డీఓకు ఉన్నది. ఇది పాత నేర విచారణ స్మృతిలోని 133వ సెక్షనుకు సమానం.

== ఫిర్యాదు చేయు పద్ధతి ==

=== మాట్లాడుకోవడం ===
ఇరుగుపొరుగు తగాదాలలో మొదటి మెట్టు మాట్లాడుకోవడమే. శబ్దం సాగుతుండగా, కోపం మీద ఉన్నప్పుడు కాక, మరునాడు పగటివేళ పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకొని వెళ్ళడం మేలు. ఏ వేళలో, ఏ గదిలో, ఎవరికి ఇబ్బంది కలుగుతున్నదో చెప్పి, ఒక వేళను ఒప్పందంగా అడగాలి. ఉదాహరణకు, పదవ తరగతి పరీక్షల నెలలో రాత్రి 9 తరువాత మగ్గం ఆపడం వంటిది. ఒప్పందం కుదిరితే కాగితంపై వ్రాసుకొనడం మంచిది.

=== రాత్రి ఫిర్యాదు ===
రాత్రి 10 తరువాత లౌడుస్పీకరు మ్రోగుతుంటే 112 నెంబరుకు ఫోను చేయవచ్చు. శబ్దం ఎన్ని డెసిబెళ్ళో చెప్పనవసరం లేదు. స్థలము, సమయము, శబ్దం చేస్తున్న పరికరము చెబితే చాలును. గడియారం కనబడేటట్లు తీసిన చిన్న వీడియో ఉపయోగపడుతుంది. నిర్వాహకులు అనుమతి ఉన్నదంటే ఆ అనుమతి ఎన్ని గంటల వరకు ఉన్నదో చూడమని పోలీసులను కోరవచ్చు.

=== పగటి ఫిర్యాదు, నిత్య శబ్దం ===
శబ్దం ప్రాంతపు ప్రమాణానికి 10 డెసిబెళ్ళు లేదా అంతకంటె ఎక్కువగా ఉన్నప్పుడు ఫిర్యాదు చేయవచ్చునని నియమాలు చెబుతున్నాయి. నివాస ప్రాంతంలో ఇది పగలు 65, యంత్రాల విషయంలో రాత్రి 55 డెసిబెళ్ళు. సెల్‌ఫోనులోని శబ్దమాపక అప్లికేషన్లు ఒక అంచనాకు మాత్రమే పనికివస్తాయి. ప్రామాణిక యంత్రంతో అధికారులు తీసిన కొలతకే సాక్ష్యంగా విలువ ఉంటుంది. ఫిర్యాదులో ఈ వివరాలు ఉండాలి:

# ఫిర్యాదుదారు పేరు, చిరునామా
# శబ్దం వచ్చే స్థలం, పరికరం
# కనీసం వారం పది రోజుల తేదీలు, ప్రారంభ, ముగింపు వేళలు
# ఇంటిలో బాధపడుతున్నవారు (రోగులు, వృద్ధులు, పసిపిల్లలు, విద్యార్థులు)
# ముందు మాట్లాడిన తేదీ, ఫలితం
# కోరుతున్న పరిష్కారం, శబ్దాన్ని కొలవమన్న అభ్యర్థన

ఒకే ప్రతిని స్టేషనులో, మరొకటి డీఎస్పీకి ఇచ్చి, అందినట్లు రశీదు తీసుకోవాలి. చర్య లేకపోతే సోమవారం నాడు జిల్లా కేంద్రమైన పుట్టపర్తిలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కలెక్టరుకు గాని, ఎస్పీకి గాని అర్జీ ఇవ్వవచ్చు.

=== ఎదుటివారి హక్కు ===
శబ్దాన్ని ఆపమన్న ఉత్తర్వు పొందినవారు దానిని మార్చమనో, రద్దు చేయమనో అధికారిని కోరవచ్చు. అప్పుడు ఇరుపక్షాల వాదన వినాలి. అర్జీని త్రోసిపుచ్చితే కారణాలు వ్రాయాలి. కక్షతో చేసిన ఫిర్యాదుల నుండి ఇది రక్షణ.

=== న్యాయస్థానాలు ===
మూడు పట్టణాలలోను న్యాయస్థానాలున్నాయి. ఒకరి ఇంటి శబ్దం మరొకరిని బాధిస్తే సివిలు న్యాయస్థానంలో నిషేధాజ్ఞ కోరవచ్చు. ఖర్చు భరించలేనివారు మండల న్యాయ సేవాధికార సంఘం ద్వారా ఉచిత న్యాయ సహాయానికి దరఖాస్తు చేయవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది న్యాయస్థానపు డిక్రీతో సమానం. అధికారులు బాధ్యత నిర్వర్తించని పక్షంలో రాజ్యాంగపు 226వ అధికరణం క్రింద అమరావతిలోని హైకోర్టును ఆశ్రయించవచ్చు.

== శిక్షలు ==

పర్యావరణ చట్టం 15వ సెక్షను క్రింద పూర్వం అయిదు సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండేవి. 2023 నాటి జన విశ్వాస్ చట్టం జైలుశిక్షను తొలగించి, 10,000 నుండి 15 లక్షల రూపాయల వరకు జరిమానాను ప్రవేశపెట్టినది. ఈ మార్పు 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానంలో అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షను ప్రకారం ప్రజా ఉపద్రవానికి 1,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆపమన్న ఉత్తర్వు తరువాత కూడా కొనసాగిస్తే 293వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు సాధారణ జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

== పరిమితులు ==

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో ప్రారంభించిన జాతీయ శబ్ద పరిశీలన వ్యవస్థ హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై సహా ఏడు మహానగరాలకు పరిమితము. ఆ వ్యవస్థ క్రింద నిరంతరం శబ్దాన్ని కొలిచే కేంద్రాలు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి పట్టణాలకు అందలేదు. అందుచేత పగటి శబ్దం గురించిన ఫిర్యాదులో కొలత తీయించడమే కష్టమైన భాగం. మగ్గాల వీధులలో ప్రాంత వర్గీకరణ స్పష్టంగా లేకపోతే ఈ కష్టం మరింత పెరుగుతుంది. రాత్రి లౌడుస్పీకర్ల విషయంలో ఈ అడ్డంకి లేదు. అక్కడ నియమం గడియారానికి కట్టుబడి ఉన్నది. ఇంటిలో గడియారం ఉన్న ప్రతివారూ దానిని సరిచూడగలరు.

[[వర్గం:శ్రీ సత్యసాయి జిల్లా]]
[[వర్గం:శబ్ద కాలుష్యం]]